బుష్ తిరగదు, మెలితిరుగుతుంది: పాత కారు వెనక చప్పుడు సంగతి

పదేళ్లు దాటిన స్విఫ్ట్ స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక సీటు కింద నుంచి "డబ్" మని మొద్దు చప్పుడు మొదలైందంటే, గ్యారేజీలో వినిపించే మొదటి మాట "షాకప్‌లు పోయాయి సార్" అని. షాకప్‌లు మారతాయి, చప్పుడు మారదు. రెండోసారి వెళ్తే బుష్‌లు (వెనక చక్రాల అమరికను బాడీకి కలిపే చోట ఉండే రబ్బరు ముక్కలు) మారుస్తారు, చప్పుడు ఆగుతుంది. ఆరేడు నెలలు తిరిగేసరికి మళ్లీ అదే "డబ్". కారుతో పాటు వచ్చిన బుష్ పదేళ్లు ఆగితే, కొత్తగా వేసింది ఏడాది కూడా ఎందుకు నిలవలేదు? "ఇప్పుడొచ్చే సామాను అంతే" అనడం తేలిక. కానీ చాలాసార్లు తప్పు సామానుది కాదు. బోల్టు చివరి బిగింపు వేసినప్పుడు చక్రం గాలిలో వేలాడుతోందా, నేల మీద ఉందా అన్నదాని దగ్గరే కథ చెడుతుంది.

అదెలాగో తెలియాలంటే ముందు బుష్ కడుపులో ఏముందో చూడాలి.

వెనక బుష్‌ను అడ్డంగా కోస్తే మూడు పొరలు కనిపిస్తాయి. మధ్యలో బోల్టు దూరే ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు, రబ్బరు చుట్టూ ఇంకో గొట్టం. ఈ బయటి గొట్టం ఎక్కువగా ఇనుముదే ఉంటుంది, కొన్ని కార్లలో గట్టి ప్లాస్టిక్‌ది. రబ్బరును అచ్చులో పెట్టి ఉడికించేటప్పుడే అది గొట్టాలకు అతుక్కుపోతుంది. బయటి గొట్టం ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే ఇనుప చేయి) కన్నంలో బిగుతుగా కూర్చుంటుంది. లోపలి గొట్టాన్ని బాడీ బ్రాకెట్ రెండు చెవుల మధ్య పెట్టి బోల్టు నొక్కి పట్టేస్తుంది. అంటే లోపలిది బాడీతో కదలాలి, బయటిది ఆర్మ్‌తో కదలాలి. చక్రం పైకీ కిందికీ ఆడుతుంటే ఆ తేడానంతా మధ్యలో ఉన్న రబ్బరు మెలితిరిగి మింగుతుంది. తలుపు బందులా ఇక్కడ ఏదీ జారదు, ఏదీ రాసుకోదు. అందుకే దీనికి గ్రీజు అక్కర్లేదు. పూస్తే మేలు లేకపోగా మామూలు గ్రీజు, డీజిల్, ఇంజినాయిల్ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. అండర్ బాడీ కడిగి డీజిల్ స్ప్రే కొట్టించే అలవాటు బుష్‌లకు నెమ్మదిగా ఎక్కే విషం.

"బోల్టు కాస్త వదులుగా ఉంటే ఫ్రీగా ఆడుతుంది కదా" అని కొందరికి అనిపిస్తుంది. అలా చేస్తే లోపలి గొట్టం బోల్టు మీద తిరగడం మొదలుపెట్టి, బ్రాకెట్ చెవులను అరగదీసి, కన్నాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. అప్పుడు మార్చాల్సింది బుష్ కాదు, బాడీకి వెల్డింగ్ చేసిన బ్రాకెట్.

2005లో మన దగ్గరికొచ్చిన మొదటి స్విఫ్ట్ వెనక ఉన్నది టార్షన్ బీమ్. రెండు పక్కలా ఒక్కో ఆర్మ్, వాటిని కలుపుతూ అడ్డంగా ఒక బీమ్, ఆర్మ్‌ల ముందు కొసల్లో ఒక్కో బుష్. మొత్తం రెండంటే రెండే. బ్రేకు వేసినప్పుడు వచ్చే లాగుడు, గుంత అంచు తగిలి వెనక్కు తోసే గుద్దు, మలుపులో పక్కకు తోసే బలం, అన్నీ ఈ రెండిటి మీదుగానే బాడీకి చేరాలి. కాబట్టి ఈ రబ్బరు అన్ని దిక్కులా ఒకే గట్టితనంతో ఉంటే కుదరదు. ముందుకు వెనక్కు కాస్త మెత్తగా ఉండి కుదుపు మింగాలి, పక్కకు మాత్రం గట్టిగా ఉండాలి. దీనికోసం చాలా బుష్‌లలో రబ్బరు మధ్య చిక్కుడు గింజ ఆకారంలో ఖాళీలు వదులుతారు. ఏ పక్క ఖాళీ ఉంటే ఆ పక్క మెత్తన. ఆ ఖాళీలు ఎటు చూడాలో చెప్పడానికే బుష్ అంచున ఒక గీత, బాణం గుర్తు, లేదా చిన్న నొక్కు ఉంటుంది.

కొన్ని పాత కార్లలో అమరిక వేరు. మారుతి 800, పాత ఆల్టో, పాత వ్యాగన్ ఆర్‌లో బిగుసుగా ఉండే ఇరుసు, దానికి పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు రెండు, ఇరుసు పక్కకు జరగకుండా అడ్డంగా ఒక లేటరల్ రాడ్. ఈ రాడ్‌కు రెండు కొసలా బుష్‌లుంటాయి. అవి పోతే మలుపు తిరిగి తిన్నగా అయ్యేటప్పుడు వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా పక్కకు జరిగినట్టుంటుంది. టాక్సీలుగా ఊళ్లన్నీ చుట్టిన ఇండికాలో ఏ చక్రానికి ఆ చక్రంగా సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్‌లు. అంబాసిడర్‌లోనైతే కమాన్ కట్టల కళ్లలో, కట్ట కొసను బాడీకి వేలాడదీసే షాకిల్స్‌లో బుష్‌లు. ఎన్ని రకాలున్నా రబ్బరు మెలితిరిగి పనిచేసే సూత్రం మారదు. ఇక్కడ టార్షన్ బీమ్ మీదే నిలబడదాం, ఎందుకంటే రోడ్ల మీద ఉన్న పాత హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటిది అదే కథ.

చప్పుడు ఎక్కడిది?

బుష్ మీద నేరం మోపేముందు డిక్కీ ఖాళీ చేయాలి. చాదస్తంలా అనిపించినా ఇదే మొదటి మెట్టు. వదులైన స్టెప్నీ బిగింపు, జాకీ, పానాల సంచి, పార్సెల్ ట్రే, వెనక సీటు ఆనుడు లాక్, డిక్కీ తలుపు లాక్, సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు, వీటిలో ఏదైనా అచ్చం సస్పెన్షన్‌లాగే మోగగలదు. అన్నీ తీసేసి, వెనక సీటు మడిచి, అదే స్పీడ్ బ్రేకర్ మీద మళ్లీ పోనిచ్చి చూడండి.

చప్పుడు అలాగే ఉంటే అది ఎప్పుడొస్తోందో గమనించాలి. షాకప్ పైన ఉండే రబ్బరో, దాని కింది బుష్షో పోతే చిన్న చిన్న గతుకుల మీద గబగబా "టకటక" వినిపిస్తుంది. బీమ్ బుష్ అలా కాదు. అది బలం దిశ మారినప్పుడు ఒక్కసారి కొడుతుంది. ఖాళీ స్థలంలో నడక వేగంతో ముందుకు పోయి బ్రేకు, వెనక్కు వచ్చి బ్రేకు. దిశ మారిన ప్రతిసారీ ఒక్క మొద్దు "డబ్" వస్తే అనుమానం బుష్ మీదకు వెళ్తుంది. గుంత లేకుండానే వచ్చింది కాబట్టి షాకప్‌ను దాదాపు వదిలేయొచ్చు. ఇక్కడ ఒక మోసం ఉంది. వెనక డ్రమ్ముల్లో బ్రేకు షూలు కూడా దిశ మారగానే తమ చోటులో కొంచెం జరిగి చప్పుడు చేస్తాయి. అది సన్నగా, ఇనుముకు ఇనుము తగిలినట్టు "టక్" మంటుంది. బుష్‌ది మూటను నేలకేసినట్టు ఉంటుంది. చెవికి తేడా తెలియకపోతే కళ్లతో తేల్చుకోవాలి.

కళ్లతో చూడటానికి మంచి పద్ధతి ఒకటుంది. కారును అలైన్‌మెంట్ షాపు పిట్ (కారు కిందికి దిగి చూసే గొయ్యి) మీద నిలబెట్టి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, ఫస్ట్ గేర్‌లో క్లచ్‌ను కొంచెం వదిలి మళ్లీ తొక్కాలి. ఆ తర్వాత రివర్స్‌లో అదే పని. ముందు చక్రాలు లాగుతాయి, వెనక చక్రాలు పట్టుకుంటాయి, లాగుడంతా బుష్‌ల మీద పడుతుంది. రెండో మనిషి పక్క నుంచి టార్చ్ వేసి ఆర్మ్ కొసను చూడాలి. కారు ముందుగానీ వెనకగానీ ఎవరూ నిలబడకూడదు. మంచి బుష్‌లో ఆర్మ్ కొద్దిగా జరిగి, వదలగానే స్ప్రింగులా తిరిగి వస్తుంది. ఆ మాత్రం కదలిక ఉండాల్సిందే, అది రబ్బరు కదా! పోయిన బుష్‌లో ఆర్మ్ ఒక్కసారిగా జారి ఆగుతుంది, రబ్బరుకూ గొట్టానికీ మధ్య సందు నోరు తెరిచినట్టు కనిపిస్తుంది.

పొడవాటి ఇనుప కడ్డీతో బ్రాకెట్‌కూ ఆర్మ్‌కూ మధ్య ఎత్తి చూసే పద్ధతి కూడా ఉంది, కానీ అనుభవం లేని చేతిలో అది మంచి బుష్‌ను కూడా దోషిని చేస్తుంది. బలంగా ఎత్తితే ఏ రబ్బరైనా కదులుతుంది. ఇంకో పొరపాటు, కావాలని వదిలిన చిక్కుడు గింజ ఖాళీలను చూసి "చీలిపోయింది" అనడం. అచ్చులో వచ్చిన ఖాళీ అంచులు నున్నగా, గుండ్రంగా ఉంటాయి. చిరుగు అంచులు గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి, వేలితో రాస్తే నల్లటి పొడి అంటుతుంది. పైపైన జుట్టంత సన్నని పగుళ్లు పాత రబ్బరులో మామూలే, గాలిలోని ఓజోన్ పని అది. వాటి కోసం బుష్ మార్చనక్కర్లేదు. పగులు గొట్టం అంచు వెంబడి చుట్టూ పాకుతుంటేనో, లోపలి గొట్టం మధ్యలో ఉండకుండా ఒక పక్కకు వాలిపోయి ఉంటేనో రోజులు దగ్గరపడ్డట్టు. కొన్ని కార్లలో లోపల ద్రవం నింపిన బుష్‌లుంటాయి. వాటి కింద నల్లటి జిడ్డు చార కనిపిస్తే అవి అయిపోయినట్టే.

చక్రాల కోణాలు కొలిచి ఇచ్చే అలైన్‌మెంట్ కాగితం చదవడం తెలిస్తే అది పోలీసు కుక్కలా పట్టిస్తుంది. టార్షన్ బీమ్‌లో వెనక రెండు చక్రాల మొత్తం టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) ఇనుములోనే ఖాయమై ఉంటుంది, దాన్ని సర్దే బోల్టు ఉండదు. బుష్ అరిగితే బీమ్ మొత్తం ఒక పక్కకు వంకరగా కూర్చుంటుంది గానీ రెండు చక్రాల మధ్య కోణం మారదు. ఉదాహరణకు కంపెనీ చెప్పింది ఒక్కో చక్రానికి 10 నిమిషాలు, మొత్తం 20 అనుకుందాం. నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు. కాగితం మీద ఎడమ 20, కుడి 0 అని వస్తే మొత్తం 20 సరిగ్గానే ఉంది, కానీ బీమ్ 10 నిమిషాలు తిరిగి ఉంది. దీన్నే థ్రస్ట్ యాంగిల్ అంటారు. రెండు బుష్‌ల మధ్య దూరం 1100 మి.మీ. అనుకుంటే, ఒక బుష్ 3 మి.మీ. వెనక్కు జరిగితే చాలు, సుమారు 9 నిమిషాలు వచ్చేస్తుంది. కారు పీతలా కొంచెం ఏటవాలుగా నడుస్తుంది, తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి ఉంటుంది. అదే కాగితంలో మొత్తం టోనే తేడాగా, ఎడమ 45, కుడి 10 అన్నట్టు ఉంటే బుష్ మార్చి లాభం లేదు. గుంతలోనో ఫుట్‌పాత్ అంచుకో గుద్దుకుని బీమో, హబ్ బిగిసే ముక్కో వంగిందని అర్థం.

దీన్నిబట్టే ఇంకో సంగతి తేలుతుంది. "వెనక టైర్లు లోపలి అంచున అరిగాయి, బుష్‌లు మార్చండి" అనే సలహా ఇండికాకు సరిపోతుంది, ఎందుకంటే అందులో బుష్ పోతే ఆ చక్రం వాలు, టో నేరుగా మారతాయి. స్విఫ్ట్‌కు మాత్రం అది సగమే నిజం. అక్కడ బీమ్ వంగిందేమో ముందుగా చూడాలి.

మన రోడ్లు, మన ఎండ

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తుతో గుండ్రంగా ఉండాలి. గంటకు 25 కి.మీ. వేగంతో దాటేందుకు లెక్కగట్టిన కొలత అది. ఊరి బడి ముందు, గుడి ముందు రాత్రికి రాత్రే పోసిన సిమెంటు గట్టు వెడల్పు ఎంతో, ఎత్తు ఎంతో అందరికీ తెలుసు. అలాంటి పదునైన గట్టు చక్రాన్ని పైకి లేపడమే కాదు, వెనక్కు కూడా తన్నుతుంది. ఆ తన్ను నేరుగా తగిలేది బీమ్ బుష్‌కే.

దానికి తోడు ఎండ. రబ్బరు వేడికి ముసలిదవుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ముసలితనం వేగం సుమారు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క. రెంటచింతల, రామగుండం వేసవిలో నీడ లేని చోట రోజంతా నిలబడే కారుకూ, సెల్లార్‌లో ఉండే కారుకూ కిలోమీటర్లు ఒకటే అయినా బుష్‌ల వయసు ఒకటి కాదు. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో రబ్బరు కన్నా ముందు ఇనుము ఏడిపిస్తుంది. ఉప్పు గాలికి బోల్టు లోపలి గొట్టంలో తుప్పుతో ఒక్కటైపోతుంది. నల్లరేగడి బురద బ్రాకెట్‌లో అట్టకట్టి నెలల తరబడి తేమ పట్టి ఉంచినా అదే ఫలితం.

ఏం కొనాలి

రెండు పక్కలా కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేస్తే రెండు కొసలూ వేర్వేరుగా సాగి బీమ్ వంకరగా కదులుతుంది. బుష్‌లతో పాటు రెండు కొత్త సెల్ఫ్ లాకింగ్ (వాటంతట అవి వదులు కాని) నట్లు తప్పనిసరి. బోల్టు తుప్పుతో సన్నబడినా, గాడి పడినా అదీ కొత్తదే. తల మీద బలం చెప్పే 8.8 గానీ 10.9 గానీ అంకె ఉంటుంది, పాతదాని మీద ఏది ఉంటే అదే కావాలి. అంకె లేని హార్డ్‌వేర్ షాపు బోల్టు గేటుకు పనికొస్తుంది, ఇక్కడ పనికిరాదు.

పాలీయూరథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్, పీయూ అంటారు) బుష్‌లు ఎక్కువ కాలం వస్తాయని ప్రచారం. అవి రబ్బరులా అతుక్కుని మెలితిరగవు, గొట్టం మీద జారి తిరుగుతాయి. అందుకే వాటికి ప్రత్యేకమైన గ్రీజు కావాలి, ఎండిపోతే కిర్రుకిర్రుమంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు, కారు మలుపులో ఒరిగినప్పుడు ఒక ఆర్మ్ పైకి, ఒకటి కిందికి పోయి బుష్ అడ్డంగా కూడా వంగాలి. గట్టి పాలీ అంతగా వంగదు. రోజూ ఇంటిల్లిపాదీ తిరిగే కారుకు మంచి రబ్బరు బుష్షే మేలు. పాత బుష్‌లోని చిరిగిన రబ్బరు తీసి పీయూ పోయించే షాపులూ ఉన్నాయి. అసలు అచ్చులో లెక్కగట్టి వదిలిన ఖాళీలు దానిలో పూడిపోతాయి. సామాను దొరకని పాతకాలపు కారుకు గత్యంతరం లేకపోతే తప్ప దాని జోలికి పోకపోవడం నయం.

విప్పడం

పని మొదలుపెట్టే ముందు రోజు సాయంత్రం రెండు బోల్టులకూ, షాకప్ కింది బోల్టులకూ తుప్పు విడిచే ఆయిల్ కొట్టి వదిలేయాలి. తెల్లారి ఇంకోసారి.

కారును చదునైన నేల మీద నిలబెట్టి, ఏ బోల్టూ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఒకటుంది. వెనక చక్రం సరిగ్గా మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి, రెండు పక్కలా మి.మీ.లో రాసుకోవాలి. టేపు నిలువుగా ఉండాలి, చక్రం మీదకు ఒరగకూడదు. ఈ అంకె చివర్లో కావాలి, అప్పుడు కొలుద్దామంటే కుదరదు.

ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు, గేరు వేసి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి, లేకపోతే కేబుల్ బిగుసుకుని బీమ్ కిందికి రాదు. వెనక భాగం లేపి యాక్సిల్ స్టాండ్లు బాడీ కింద, జాకీ పెట్టే గట్టి చోట్ల పెట్టాలి. బీమ్ కింద కాదు, కిందికి దించాల్సింది దాన్నే. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. చక్రాలు తీశాక ట్రాలీ జాకీని బీమ్ మధ్య కింద చెక్క పెట్టి ఆనించి, షాకప్‌ల కింది బోల్టులు విప్పి, నెమ్మదిగా దించితే స్ప్రింగులు వదులై చేతికి వస్తాయి. వాటి కింది మీది రబ్బర్లు ఏవి ఎటువో గుర్తు పెట్టుకోండి. బ్రేకు గొట్టాల క్లిప్పులు, హ్యాండ్ బ్రేకు కేబుల్ పట్టీలు, ఏబీఎస్ ఉంటే దాని వైర్లు విడిపించి వదులు ఇవ్వాలి. బ్రేకు హోసు మీద బరువు వేలాడకూడదు.

ఇప్పుడు అసలు బోల్టులు. నట్టు వదులైనా బోల్టు రాకపోతే అది లోపలి గొట్టంలో పట్టేసిందన్నమాట. ఇక్కడే చాలామంది చేయి గ్యాస్ టార్చ్ మీదకు పోతుంది. ఆగండి! ఇలాంటి హ్యాచ్‌బ్యాక్‌లలో పెట్రోలు ట్యాంకు ఉండేది వెనక సీటు కింద, అంటే ఈ బ్రాకెట్‌లకు జానెడు దూరంలో. పక్కనే బ్రేకు పైపులు. ట్యాంకు దించకుండా అక్కడ మంట పెట్టడం పిచ్చిపని. బోల్టును ముందుకు వెనక్కు తిప్పుతూ ఆయిల్ కొట్టడం, అదీ కాకపోతే బుష్ అంచుకూ బ్రాకెట్ చెవికీ మధ్య రంపపు బ్లేడు దూర్చి బోల్టును రెండు పక్కలా కోసేయడం, మార్గాలు ఇవే. బుష్ ఎలాగూ పోయేదే, బోల్టూ పోతుంది, కారు మిగులుతుంది. కొన్నిటిలో బోల్టు ఒక పక్కకే వస్తుంది, రెండో పక్క ట్యాంకు అడ్డం. తల ఎటు ఉందో ఫొటో తీసుకుని, తిరిగి అలాగే పెట్టాలి.

ఆర్మ్ కొసలు కిందికి వచ్చాక పాత బుష్ గుర్తు ఆర్మ్ మీద ఎక్కడికి సరిపోతోందో చూసి, ఆర్మ్ ఇనుము మీద గీత గీయాలి. బుష్ అంచు ఆర్మ్ నుంచి ఎన్ని మి.మీ. బయటకు ఉందో రెండు పక్కలా వెర్నియర్‌తో కొలవాలి. ఈ రెండు పనులూ మరిచి పాత బుష్ పీకేస్తే, కొత్తది ఎటు తిప్పి ఎంత లోతు కొట్టాలన్నది ఊహే అవుతుంది.

బయటకు లాగడానికి సుత్తి వాడకూడదు. సుత్తి దెబ్బకు ఆర్మ్ కన్నం అంచు వంగి కొత్త బుష్ వదులవుతుంది. దానికి డబ్బా రేకు చుట్టి బిగించడం, రెండు చోట్ల వెల్డింగ్ చుక్క పెట్టడం తర్వాతి ఘట్టాలు. వెల్డింగ్ వేడికి రబ్బరు అతుకు అక్కడే విడిపోతుంది. కావాల్సింది ఒక లాగుడు పరికరం, లేత్ షాపులో గంటలో చేసిస్తారు. బుష్ లోపలి గొట్టంలో దూరే మందమున్న గట్టి స్టీలు మర పోసిన కడ్డీ, రెండు నట్లు, ఒక పక్క బుష్ మొత్తం దూరిపోయేంత వెడల్పున్న గిన్నె లాంటి ముక్క, ఇంకో పక్క ఆర్మ్ కన్నం కన్నా 1 మి.మీ. తక్కువ వ్యాసమున్న బిళ్ల. మరలకు గ్రీజు పూసి పానాతో తిప్పుతూ పోతే బిళ్ల బయటి గొట్టాన్ని నొక్కి గిన్నెలోకి తోస్తుంది. మొండికేస్తే రబ్బరును డ్రిల్‌తో తినేసి, లోపలి గొట్టం తీసి, బయటి గొట్టాన్ని మాత్రం రంపం బ్లేడుతో ఒక చోట చీల్చాలి. బ్లేడు ఆర్మ్ ఇనుముకు తగలకముందే ఆపాలి. చివరి అర మి.మీ. ఉలితో నొక్కితే తనే ముడుచుకుంటుంది.

కన్నం లోపల తుప్పు వైరు బ్రష్‌తో తీసి, ఎమరీ కాగితంతో నున్న చేసి, సబ్బు నీళ్లు రాయండి. కొత్త బుష్ గుర్తును గీతకు సరిపెట్టి, అదే పరికరంతో లోపలికి లాగాలి. బలం బయటి గొట్టం అంచు మీదే పడాలి. రబ్బరు మీదో లోపలి గొట్టం మీదో పడితే కారు ఎక్కకముందే అతుకు చిరుగుతుంది. మొదటి 5 మి.మీ. తిన్నగా పోయిందో లేదో చూడండి, వంకరగా మొదలైతే అది వంకరగానే పోతుంది. బయటకు తీసి మళ్లీ మొదలుపెట్టడమే.

బిగింపు దగ్గర ఆగాలి

ఆర్మ్‌లు పైకి లేపి బోల్టులు దూర్చి, నట్లు చేతికి తగిలేదాకా మాత్రమే తిప్పాలి. స్ప్రింగులు, షాకప్‌లు పెట్టాలి. ఇక్కడే, కారు లిఫ్ట్ మీద ఉండగానే, ఇంపాక్ట్ గన్‌తో "గుర్ర్" మని బిగించేస్తే ఆరు నెలల బుష్ తయారైనట్టే.

లెక్క చూడండి. బుష్ నుంచి చక్రం మధ్యకు ఆర్మ్ పొడవు 400 మి.మీ. అనుకుందాం. గాలిలో వేలాడే చక్రం, నేల మీద నిలబడ్డప్పటి కన్నా 80 మి.మీ. కిందికి ఉంటుంది. కోణంలో అది సుమారు 11.5 డిగ్రీలు. ఆ స్థితిలో బిగిస్తే రబ్బరుకు "విశ్రాంతి" అంటే వేలాడే స్థితే. కారు దించగానే, ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నా, రబ్బరు 11.5 డిగ్రీలు మెలిపడే ఉంటుంది, రాత్రింబవళ్లు. అయిదుగురు ఎక్కి గుంతలో పడితే చక్రం ఇంకో 60 మి.మీ. పైకి పోతుంది, అది మరో 8.6 డిగ్రీలు. మొత్తం 20. సరిగ్గా బిగించిన బుష్‌కు అదే గుంతలో 8.6 డిగ్రీలే. రబ్బరు ఒకటే, గుంత ఒకటే, మెలిక మాత్రం రెండింతల పైన. తప్పుగా బిగించిన కారుకు ఒక ఆనవాలు కూడా ఉంటుంది. మెలిపడ్డ రబ్బరు అదనపు స్ప్రింగులా పనిచేసి, పని అయ్యాక వెనక భాగం కొన్ని మి.మీ. ఎత్తుగా నిలబడుతుంది. "కొత్త బుష్‌లు కదా, కారు లేచింది" అని సంతోషపడతారు. రబ్బరు చిరిగాక మళ్లీ దిగుతుంది.

మొదట్లో రాసుకున్న అంకె ఇప్పుడు పనికొస్తుంది. పిట్ ఉంటే చక్రాలు బిగించి కారును నేలకు దించి, వెనక భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలి, నేల మీద నిలబడ్డ కారు కిందే బోల్టులు బిగించడం అన్నిటికన్నా మంచిది. పిట్ దాకా నడిపేముందు నట్లు మరీ వదులుగా లేకుండా చూసుకోవాలి, అదీ నడక వేగంతో నాలుగు అడుగులే. పిట్ లేకపోతే రెండు జాకీలు రెండు పక్కలా స్ప్రింగు గిన్నెల కింద పెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు రాసుకున్న కొలత వచ్చేదాకా బీమ్‌ను లేపాలి. బాడీ స్టాండ్ల మీద నుంచి లేవడం మొదలుపెడితే అక్కడే ఆగాలి. వెనక డిక్కీలో బరువులు వేయించి మళ్లీ ప్రయత్నించాలి. పాత స్ప్రింగులు దిగిపోయి కొత్తవి కూడా వేస్తుంటే పాత కొలత చెల్లదు, అప్పుడు నేల మీద బిగించడమే దారి.

ఎంత బిగువు అన్నది ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న న్యూటన్ మీటర్ల అంకె. టార్క్ పానాతోనే, నట్టు వైపు నుంచి, బోల్టు తల తిరగకుండా పట్టుకుని. బిగువు తక్కువైతే లోపలి గొట్టం జారుతుంది, మొదట్లో చెప్పిన కోడిగుడ్డు కన్నం మొదలవుతుంది. షాకప్ కింది బోల్టుల్లోనూ రబ్బరు బుష్‌లే ఉంటాయి కాబట్టి వాటి చివరి బిగింపు కూడా ఇదే ఎత్తులో. బిగించాక నట్టు మీద నుంచి బ్రాకెట్ మీదకు ఒక పెయింట్ గీత గీస్తే తర్వాత కదిలిందో లేదో కళ్లకే తెలుస్తుంది.

బ్రేకు పైపులు విప్పకపోతే గాలి తీసే పని ఉండదు. విప్పి ఉంటే నాలుగు చక్రాలకూ తీయాలి. క్లిప్పులన్నీ తిరిగి పడ్డాయా, హోసు చక్రానికి తగలకుండా ఉందా, హ్యాండ్ బ్రేకు రెండు పక్కలా సమానంగా పడుతోందా చూడాలి. ఆ వెంటనే అలైన్‌మెంట్ కాగితం తీయించండి. వెనక ఎడమ, కుడి అంకెలు దగ్గరకొచ్చి థ్రస్ట్ యాంగిల్ సున్నా వైపు వచ్చిందంటే పని కుదిరింది. ముందు చక్రాల సర్దుబాటు ఆ తర్వాతే, ఎందుకంటే అది వెనక ఇరుసు దిశను బట్టి చేసేది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక కారును నేల మీదే ఉంచి, కిందికి టార్చ్ వేసి పెయింట్ గీత చూడండి. గీత తెగి ఉంటే నట్టు కదిలినట్టు. అప్పుడు మళ్లీ బిగించి ఊరుకోకుండా బోల్టు తీసి, బ్రాకెట్ చెవుల కన్నం గుండ్రంగానే ఉందో లేదో చూసి, కొత్త నట్టుతో బిగించాలి.